అద్దాలు లేని బండి

ఐసు ఫ్యాక్టరీ మలుపు దగ్గర చీకటి పడ్డాక బండి ఆపకూడదంటారు.

ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదట. ఒకవేళ అయినా, ఆపినప్పుడున్న బరువు ఉండదట... ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళు గడిచినా దాని గోడ మండుటెండల్లో కూడా చెమ్మగానే ఉంటుందని, ఆ పక్కనుంచి పోతుంటే వీపు చల్లబడుతుందని, ఇంకా చాలా అంటారు. నేను సెలూన్ నడుపుతాను. నా కత్తెర ఒక తల మీద పనిచేస్తుంటే చెవులు నాలుగు నోళ్ళ మీద పనిచేస్తుంటాయి. ఆ మలుపు గురించి నేను విననిది లేదు.

విన్నాను గాని నమ్మలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అక్కడ పడ్డ ప్రతివాడూ నెపం దెయ్యం మీదకి నెట్టేవాడే. చేతికి కట్టు కట్టించుకుని వచ్చి నా కుర్చీలో కూర్చుని, "హ్యాండిల్ ఎవరో లాగేశారన్నా" అంటాడు. లాగినప్పుడు స్పీడు ముల్లు ఎక్కడుందిరా అంటే మాట మారుస్తాడు. హెల్మెట్ ఏదిరా అంటే జుట్టు పాడవుతుందంటాడు. తలకాయ పగిలాక జుట్టేం చేసుకుంటావురా అని నాలిక చివరిదాకా వచ్చేది. ఆ జుట్టుతోనే నా బతుకు కాబట్టి మింగేసేవాణ్ణి.

ఆ మలుపు దగ్గరే మా చెల్లెలు పోయింది.

ఆస్పత్రిలో దుప్పట్లు, డాక్టర్ల కోట్లు ఇస్త్రీ చేసే చోట పని తనకి. సాయంత్రం డ్యూటీ అయ్యేసరికి ఊరు సద్దుమణిగేది. ఫ్యాక్టరీ గోడ పక్కనే నడుచుకుంటూ వచ్చేది. ఆ రాత్రి ఎవడో బండితో గుద్ది, ఆగకుండా పోయాడు. చూసినవాడు లేడు, విన్నవాడు లేడు. తెల్లారుజామున పాలవ్యాను అతను చూశాడు. "దెబ్బ తగలగానే తీసుకొచ్చి ఉంటే..." అని డాక్టరు సగంలో ఆపేశాడు. మిగతా సగం మా అమ్మ ఇప్పటికీ పూర్తి చేసుకుంటూనే ఉంది.

పోలీసులు వచ్చారు, కొలిచారు, రాసుకున్నారు, వెళ్ళారు. ఏ బండో తెలియలేదు.

చెల్లికి బండి అంటే భయం. నా మోపెడ్‌ని సైకిలు వాళ్ళు కూడా దాటిపోతారు, దాని మీద ఎక్కడానికి కూడా దేవుడా అనుకునేది. ఒక పక్కకి తిరిగి కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, నేను కాస్త జోరు పెంచానంటే చాలు... కుడి భుజం మీద రెండు వేళ్ళతో తట్టేది. టప్, టప్. నోటితో ఏమీ అనదు. మెల్లగా పోనీ అని దానర్థం. తను ఎక్కితే బండంతా ఇస్త్రీ బట్టల వాసన, అప్పుడే పెట్టె కిందనుంచి తీసినట్టు.

తను పోయాక అమ్మ చీకటి పడితే ఇంట్లో ఒక్కతే ఉండలేకపోయింది. రోజూ షాపు మూసే వేళకి క్యారియర్ పట్టుకుని వచ్చి, కుర్చీ వెనకున్న బెంచీ మీద కూర్చుంటుంది. చెల్లి బూడిదరంగు స్వెటరు వేసుకుంటుంది, చలి ఉన్నా లేకపోయినా. బెంచీకి ఆ చివర చెల్లి కూర్చునే చోటు. అక్కడ ఎవరైనా కూర్చోబోతే "కాస్త ఇటు జరుగు నాయనా" అంటుంది. ఎందుకని ఎవరూ అడగరు.

నేనేం చేశానంటారా? మెడలు చూశాను.

ఊళ్ళో బండి తోలే ప్రతి కుర్రాడూ నా కుర్చీలోకి రాక తప్పదు. గుడ్డ కట్టి, తల వంచి, మెడ మీద కత్తి పెట్టిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: ఈ మెడేనా? దొరికితే వదలనని అమ్మకి మాటిచ్చాను. పక్కింటి వాళ్ళు, క్షమించడం గొప్ప గుణం నాయనా అనేవాళ్ళు. గొప్పవాళ్ళు గొప్పవాళ్ళ పనులు చేసుకుంటారు, నాకు వాడు కావాలి.

ఇక కుర్రాళ్ళ సంగతి చెప్పాలి.

నా షాపు పక్కనే మెకానిక్ షెడ్డు. అతన్ని అందరూ గ్రీజు మామ అంటారు. ఆ షెడ్డులో ఓ ప్లాస్టిక్ బకెట్ ఉంటుంది, దాన్నిండా బండి అద్దాలు. కొత్త బండి కొనగానే మావాళ్ళు చేసే మొదటి పని ఆ అద్దాలు పీకించడం. వెనక్కి చూసుకునేవాడు ముందుకి పోలేడని వాళ్ళ సిద్ధాంతం. కన్నవాళ్ళు చెమటోడ్చి కొనిచ్చిన బండికి కళ్ళు పీకిస్తున్నార్రా అని మామ తిడుతూనే పీకేవాడు. నా చేతి అద్దం పగిలినప్పుడు ఆ బకెట్‌లోంచే ఒకటి తీసిచ్చాడు, కాడతో సహా. పట్టుకోడానికి బాగుందని అదే వాడుతున్నాను. పని అయ్యాక అద్దం చూపించి "ఎలా ఉంది?" అని అడగకుండా ఎవరినీ కుర్చీలోంచి లేపకూడదని మా నాన్న నేర్పాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అది తప్పలేదు.

ఆ అద్దం వెనక ఓ చిన్న తూనీగ స్టిక్కరు ఉంది. నేనెప్పుడూ పట్టించుకోలేదు.

ఒకనాటి రాత్రి సన్నగా చినుకులు పడుతున్నాయి. మామ షెడ్డు కట్టేసి వెళ్ళిపోయాడు. నేనూ షట్టరు సగానికి దించాను. అప్పుడు దాని కిందనుంచి రెండు కాళ్ళు, రెండు టైర్లు కనిపించాయి. ఎవడో బండి తోసుకుంటూ వచ్చి స్టాండు వేస్తున్నాడు.

తూనీగ. బండి మీద ఎప్పుడూ గాల్లో ఉంటాడని ఆ పేరు. వాడు బండి తోసుకుంటూ రావడం నేను చూడలేదెప్పుడూ. చాలా రోజులుగా నా కుర్చీలోకి రాలేదు; మనిషి సగమయ్యాడు, గడ్డం మాసి మొహమంతా కమ్మేసింది. రేపు ఉద్యోగానికి ఫొటో దిగాలట, గడ్డం తీయించుకోకుండా గుమ్మం తొక్కొద్దని వాళ్ళక్క తరిమిందట. పెట్రోలు అయిపోయిందా అని అడిగాను. ఉందన్నాడు. మరి తోసుకొచ్చావేంరా అంటే బండి వైపు చూడకుండా షట్టరు కింద దూరి లోపలికి వచ్చాడు.

కుర్చీలో కూర్చోలేదు. అద్దానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"అన్నా... ఆ అద్దానికి ఏదైనా కప్పు."

నీ మొహం నువ్వే చూసుకోలేకపోతున్నావేంరా అని నవ్వాను. వాడు నవ్వలేదు. సరే, పిచ్చి పలురకాలు అనుకుని గోడ అద్దం మీద తెల్లగుడ్డ కప్పాను. అప్పుడు కూర్చున్నాడు. మెడకి గుడ్డ కట్టాను, నురగ పట్టించాను. గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

కత్తిలో కొత్త బ్లేడు వేస్తుంటే అడిగాడు — "అన్నా, ఐసు ఫ్యాక్టరీ దగ్గర నిజంగానే ఉందంటావా?"

ఉన్నది స్పీడు బ్రేకరు ఒక్కటేరా అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు, నురగ గుడ్డ మీద రాలింది.

"బండి ఎక్కుతుందన్నా... వెనక."

చెంప మీద కత్తి పెట్టాను. పని మొదలైతే మనుషులు వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు. ఈ కుర్చీలో అది మామూలే.

మొదటిసారి ఎప్పుడో చెప్పాడు. మలుపు తిరుగుతుంటే బండి వెనకభాగం ఒక్కసారిగా దిగిందట, మనిషి ఎక్కి కూర్చున్నట్టు. స్ప్రింగులు కిర్రుమన్నాయి. టైరులో గాలి తగ్గిందేమో అనుకున్నాడు. తర్వాత వాసన వచ్చింది.

"ఏం వాసన?"

"వేడి వేడి బట్టల వాసనన్నా. ఇస్త్రీ చేసినట్టు."

నా చెయ్యి ఆగిపోయింది. ఇస్త్రీ బట్టల వాసన ఎక్కడైనా వస్తుంది, ఊళ్ళో ఇస్త్రీ బండ్లకేం కొదవ... అని నాకు నేనే చెప్పుకుని, రెండో చెంపకి వచ్చాను.

భయమేసి వాడు జోరు పెంచాడట. పెంచిన కొద్దీ భుజం మీద ఏదో తగిలింది. మొదట చినుకు అనుకున్నాడు. మళ్ళీ తగిలింది.

"ఎలా తగిలింది?"

గుడ్డ కిందనుంచి చెయ్యి బయటికి తీశాడు. రెండు వేళ్ళు దగ్గరగా చేర్చి, తన కుడి భుజం మీద తానే తట్టి చూపించాడు.

టప్, టప్.

నాకు షాపులో దీపం ఒక్కసారి దూరం జరిగినట్టయింది. ఆ తట్టుడు నా భుజానికి తెలుసు. ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు... నాకూ, తట్టినదానికీ తప్ప.

అదే సమయానికి షట్టరు కింద అలికిడి అయింది. రోజూ వచ్చే వేళకే అమ్మ క్యారియరుతో వంగి లోపలికి వచ్చింది. నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను. అమ్మ నా మొహం చూసింది. చప్పుడు కాకుండా వెళ్ళి బెంచీ మీద తన చోట్లో కూర్చుంది. బెంచీ కిర్రుమంది.

తూనీగ ఉలిక్కిపడ్డాడు. "ఏంటన్నా అది?"

"ఏం లేదు. కదలకు, గీరుకుంటుంది. చెప్పు."

చెప్పాడు. కళ్ళు తెరవకుండానే చెప్పాడు.

వాళ్ళకో ఆట ఉందట. 'కళ్ళు మూసుకోవడం' అంటారట దాన్ని. మలుపుకి ముందున్న తిన్నటి రోడ్డు మీద అందరూ ఒకేసారి హెడ్‌లైట్లు ఆర్పేసి చీకట్లో దూసుకుపోవాలి. భయపడి ముందు లైటు వేసినవాడు ఓడినట్టు. ఓడినవాడు ఇంటిదాకా బండి ఎక్కకుండా తోసుకుంటూ పోవాలి. అందరి ఇళ్ళలోనూ పిల్లాడు నిద్రపోతున్నాడనే అనుకుంటారు కన్నవాళ్ళు. వీళ్ళకి రోడ్డంటే సొంత పెరడు, అందులో నడిచేవాళ్ళు మనుషులు కారు.

"ఆ రాత్రి మిగతావాళ్ళు సగంలోనే లైట్లు వేసేశారన్నా. నేను వెయ్యలేదు. మలుపుదాకా వెయ్యలేదు..."

నేను తొందరపెట్టలేదు. గడ్డం కింద నురగ మళ్ళీ రాశాను.

"ఏదో తగిలింది. మెత్తగా. బండి పక్కకి కొట్టుకుపోయి మళ్ళీ నిలబడింది. వెనక ఎవరో పిలిచారు."

"ఏమని?"

"అన్నా... ఆగు, అని."



చెల్లి తననే పిలిచిందనుకున్నాడు వాడు. దానికి అన్న అంటే నేనొక్కణ్ణే. ఆ గోడ పక్కన పడి, ఆ చీకట్లో, అది పిలిచింది నన్ను.

"వెనక్కి చూశావా?" అని అడిగాను.

"అద్దాలు లేవు కదన్నా," అన్నాడు వాడు.

ఎంత మామూలుగా అన్నాడో. తల తిప్పితే చూడొచ్చు, ఆపితే చూడొచ్చు, లైటు వేసుకుని వెనక్కి వస్తే బతికించొచ్చు. అద్దాలు లేవట. ఆ రాత్రి నెగ్గింది వాడే. ఊరి చివరకి వచ్చి కలిసినవాళ్ళు వాణ్ణి భుజాల మీదకి ఎత్తుకున్నారట. తగిలిందెవరో, ఎవరింటి మనిషో ఎవరినీ అడగలేదట, ఆ మాట వచ్చే చోటికి పోలేదట. మర్నాడు వంగిన ఫుట్‌రెస్టు సరిచేయించడానికి మామ దగ్గరకి తెచ్చాడు. ఏమైందిరా అని మామ అడిగాడు.

"ఏం చెప్పావు మామకి?"

"కుక్క అడ్డమొచ్చిందన్నాను."

కత్తి వాడి గొంతు దగ్గరుంది.

నిజం చెప్తాను, దాచను. నా చెయ్యి వణకలేదు. ఇన్నాళ్ళూ ఎన్ని మెడలు చూశాను... ఇదిగో, ఇదే. నురగ కింద నరం టక్ టక్ అని కొట్టుకుంటోంది. కొంచెం నొక్కితే చాలు. పని నేర్చిన చేతికి ఎక్కడ నొక్కకూడదో తెలుసు కాబట్టి, ఎక్కడ నొక్కాలో కూడా తెలుసు. చెల్లి తెల్లారేదాకా ఆ చెమ్మ గోడ పక్కన పడి ఉంది. వీడికి అంతసేపు కూడా పట్టదు. న్యాయంగా చూస్తే వీడికి అది తక్కువే.

నొక్కాను. సన్నటి ఎర్ర గీత పైకి వచ్చింది.

అప్పుడు నా కుడి భుజం మీద తట్టారు. రెండుసార్లు. మెల్లగా.

అమ్మ లేచి వచ్చి ఆపిందనుకున్నాను. తిరిగి చూడలేదు. ఆ క్షణాన అమ్మ మొహం చూసే ధైర్యం నాకు లేదు. కత్తి వెనక్కి తీశాను. మిగిలిన గడ్డం ఎలా గీశానో గుర్తులేదు, చేతులు వాటంతటవే గీశాయి. వాడు చెప్పుకుపోతూనే ఉన్నాడు. ఒకసారి బండి మీద పోతూ పక్కనున్న కారు కిటికీ అద్దంలో చూశాడట. వెనక సీటు మీద ఒకావిడ, ఒక పక్కకి తిరిగి, ఒళ్ళో బ్యాగుతో. రోడ్డు వైపు చూడటం లేదట, వీణ్ణే చూస్తోందట. అప్పటినుంచి ఏ అద్దంలో చూసుకున్నా వెనక ఉంటుందట, బండి మీద ఉన్నా లేకపోయినా. ఇంట్లో అద్దాలన్నీ తిప్పేశాడు. వాళ్ళక్క పిచ్చి పట్టిందనుకుంటోంది.

"నిద్ర లేదన్నా. ఏం చేస్తే దిగుతుందో తెలియట్లేదు."

పని అయిపోయింది. మొహం తుడిచాను, గాటు మీద పటిక రుద్దాను. మంటకి మూలిగాడు.

పని అయ్యాక అద్దం చూపించాలి. అది మా పద్ధతి. పద్ధతి కోసమే తీశానని మాత్రం చెప్పను. వాడు దేన్ని చూడనని మూలమూలలా దాక్కుంటున్నాడో అది వాడికి చూపించాలి, చూడకుండా తప్పించుకోనివ్వకూడదు... అంత కసి ఉంది నాలో. చేతి అద్దం తీసుకుని, బండికి అద్దం ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ, వాడి కుడిచేతి పైన పట్టుకున్నాను.

"కళ్ళు తెరువు. ఎలా ఉంది?"

అలవాటు కొద్దీ తెరిచాడు.

మొహంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయాడు.

దొంగకి తేలు కుట్టినట్టు అంటే ఇదేనేమో అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది, చేదుగా. వాడికి కనిపించిందేమిటో నాకు తెలుసు కదా.

"భయపడకు. దెయ్యం కాదు, మా అమ్మ," అన్నాను. "నువ్వు చెప్పిందంతా విన్నది. ఆ స్వెటరు మా చెల్లెలిది. నువ్వు కుక్క అన్నావే... దానిది."

వాడికి అర్థం కావడం చూశాను. కానీ కళ్ళు అద్దం మీంచి కదల్లేదు.

"అమ్మగారు వచ్చి కూర్చోవడం విన్నానన్నా," అన్నాడు, వినీ వినపడనట్టు. "స్వెటరావిడ మీ అమ్మగారు... సరే."

"మరి?"

"ఆవిడ పక్కన కూర్చున్నదెవరు?"

అద్దంలోకి నేనూ చూశాను. బెంచీ ఉంది, అమ్మ ఉంది, పక్కన ఖాళీ చోటు ఉంది. నాకు కనిపించింది అంతే. వెనక్కి తిరిగాను.

అమ్మ ఒళ్ళో క్యారియరు వచ్చినప్పుడు ఎలా పెట్టుకుందో అలాగే ఉంది. తను లేవలేదు. నా దగ్గరకి రాలేదు. అమ్మ కుడిచెయ్యి పక్కనున్న ఖాళీ చోటు మీద ఉంది. బెంచీ చెక్క మీద కాదు, దానికి కాస్త పైన... ఒకరి చేతి మీద చెయ్యి వేసినట్టు.

షాపంతా ఇస్త్రీ బట్టల వాసన. నా చెయ్యి దానంతటదే నా కుడి భుజం మీదకి పోయింది.

అమ్మ ఏడవలేదు. అరవలేదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"లే బాబూ," అంది. "పోలీసు స్టేషను ఆ మలుపు దాటాక ఉంది. ఇక్కడ చెప్పింది అక్కడ చెప్పు."

వాడు లేచాడు. మెడకి గుడ్డ కూడా విప్పుకోలేదు, నేనే విప్పాను. తాళంచెవి కోసం జేబు తడుముకుంటుంటే అమ్మ అడ్డం చెప్పింది.

"ఎక్కకు. ఓడినవాడు తోసుకుంటూ పోవాలన్నావుగా. తోసుకుంటూ పో." తర్వాత నావైపు తిరిగింది. "ఆ అద్దం వాడి బండికి పెట్టరా."

చినుకుల్లోకి వెళ్ళాను. కాడని హ్యాండిల్ మీద మర బిగిస్తుంటే ఎక్కడా ఇరుక్కోకుండా తిరిగింది, అక్కడిదే అన్నట్టు. అప్పుడు కనిపించింది నాకు, అద్దం వెనక తూనీగ బొమ్మ. పెట్రోలు ట్యాంకు మీదా అదే బొమ్మ ఉంది. వాడి అద్దమే. ఇన్నాళ్ళూ నా దగ్గరుండి ఊళ్ళో అందరి మెడలూ చూసింది, ఈ రాత్రిదాకా వాడిది తప్ప. బండి తోసేవాడి కళ్ళకి వెనక సీటు కనిపించేలా వంచి బిగించాను. ఆ మాత్రం నేర్పు నాకూ ఉంది.

వాడు హ్యాండిల్ పట్టుకున్నాడు. అద్దంలోకి చూడకుండా మెడ పక్కకి తిప్పాడు. ఎంతసేపు తిప్పగలడు, రోడ్డు చూసుకోవాలి కదా.

"అమ్మా," అన్నాడు షట్టరు వైపు చూసి. "అక్కడ అంతా చెప్పేస్తే... దిగిపోతుందా?"

లోపల బెంచీ కిర్రుమంది, ఒకరు లేచినట్టు. అమ్మ మాత్రం కూర్చునే ఉంది. నా పక్కనుంచి వెచ్చగా ఏదో దాటిపోయింది... ఆ చినుకుల్లో వెచ్చగా.

బండి వెనకభాగం ఒక్కసారిగా దిగింది. స్ప్రింగులు మూలిగాయి.

వాడు నడుం వంచి తోయడం మొదలుపెట్టాడు. ఇద్దరు తోయాల్సిన బరువుని ఒక్కడే తోస్తున్నట్టు, అడుగులో అడుగు వేసుకుంటూ. వాడు స్టేషనుకి వెళ్ళాడు, అంతా చెప్పాడు. అది మర్నాడు ఊరందరికీ తెలిసింది. కేసు నడుస్తోంది, నడవనీ. ఆ తర్వాత ఏం విన్నా అది విన్నదే. ఆ రాత్రి జరిగిందొక్కటే నేను కళ్ళారా చూసింది.

అమ్మ లేచి వచ్చి షట్టరు కింద నిలబడింది. వీధి చివర దీపం దాటి బండి చీకట్లో కలిసిపోయేదాకా చూసింది. ఇక పద అమ్మా, తడిసిపోతావు అని చెయ్యి పట్టుకున్నాను. కదల్లేదు. చెల్లి డ్యూటీకి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి జాగ్రత్తలు చెప్పే గొంతుతో, ఆ చీకటిలోకి గుసగుసగా అంది —

"అప్పుడే దిగకు తల్లీ."